కొండ మీది కరక్కాయ, కాలికింది తోలు

పచ్చి చర్మాన్ని దాని మానాన వదిలేస్తే దానికి రెండే గతులు. తడిగా ఉంటే కుళ్లిపోతుంది, ఆరితే బిగుసుకుపోయి వంచబోయిన చోటల్లా విరుగుతుంది. ఆ రెండు గతులకూ చిక్కకుండా, వంగే గుణం చెడకుండా చర్మాన్ని నిలబెట్టే పనికి తోలు పదును చేయడమని పేరు. పదును చేసిన తోలు చెప్పులుగానో బూట్లుగానో బెల్టుగానో చలికోటుగానో రూపుదాల్చి అంగడికి చేరేసరికి ఆ పని ముగిసిందని కొన్నవారు అనుకుంటారు. నిజానికి అప్పుడు ఆ పని చేతులు మారుతుంది. సున్నంతో వెంట్రుకలు ఊడదీసిన చర్మాన్ని చెట్ల బెరడు కషాయంలో వారాల తరబడి నానబెట్టే తొట్టిని లంద అంటారు. ఆ లందలో ఒకరు మొదలుపెట్టిన ఆ నిలబెట్టే పనిని, ఆ తోలును తొడుక్కున్న మరొకరు తమ ఇంటి గుమ్మం దగ్గర కొనసాగించవలసి ఉంటుంది. కొనసాగించకపోతే తోలు మళ్లీ ఆ పాత రెండు దారుల్లో ఒకదాన్ని పట్టుకుంటుంది. తోలు వస్తువుల సంరక్షణ గురించిన సూత్రాలన్నీ ఈ ఒక్క సంగతి నుంచే పుడతాయి కనుక, అది తెలియకుండా వాటిని వల్లె వేయడం వల్ల పెద్దగా ప్రయోజనం ఉండదు.

ఈ విషయాన్ని ఆలోచించడానికి అరకు లోయ, దాని చుట్టూ ఉన్న తూర్పు కనుమల మన్యం తగిన చోటు. పదును చేయడానికి కావలసిన సరుకు ఈ అడవుల్లో కాస్తుంది. పదును చేసిన తోలును కఠినంగా పరీక్షించే తేమా చలీ కూడా ఇక్కడే ఉన్నాయి. చర్మంలో ప్రధానంగా ఉండేది కొల్లాజెన్ అనే మాంసకృత్తు. పొడవాటి పోగులుగా ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉండే ఈ పదార్థమంటే సూక్ష్మజీవులకు మక్కువ ఎక్కువ. బెరడుల్లో, కాయల్లో నాలుకకు వగరుగా తగిలే టానిన్లు అనే పదార్థాలు ఆ పోగులను పట్టుకుని, వాటి మధ్యనున్న నీటి స్థానాన్ని ఆక్రమించి, క్రిములకు కొరుకుడు పడకుండా చేస్తాయి. కరక్కాయను కొరికినప్పుడు నోరు పిడచకట్టుకుపోవడానికి కారణం కూడా ఇదే: లందలో చర్మానికి జరిగేదే ఆ క్షణంలో నోటిలోని మాంసకృత్తులకు కొద్ది మోతాదులో జరుగుతుంది.

కరక్కాయ తెలుగు ఇళ్లలో దగ్గుకూ అజీర్తికీ మందుగానే ఎక్కువమందికి తెలుసు. త్రిఫలాల్లో అది ఒకటి. కానీ ప్రపంచ వాణిజ్యంలో దాని పేరు నిలిచింది తోలు పరిశ్రమ వల్లనే. ఎండబెట్టిన కాయ బరువులో సుమారు మూడోవంతు టానిన్లే ఉంటాయి. పంతొమ్మిదో శతాబ్దంలో యూరప్‌కు ఎగుమతి అయిన కరక్కాయలను వర్తకులు అవి వచ్చిన ప్రాంతాన్ని బట్టి రకాలుగా విడదీసేవారు. జబల్పూరు కాయలు ఒక రకం, కొంకణ తీరంలోని వెంగుర్ల కాయలు మరొకటి. తూర్పు కనుమల అడవుల నుంచి దిగి భీమునిపట్నం (భీమిలి) రేవులో ఓడ ఎక్కిన కాయలకు ‘బిమ్లీలు’ అని పేరు. కాయ గట్టిదనాన్ని బట్టి బి-1, బి-2 అని వాటికి తరగతులు కూడా ఉండేవి. ఇంగ్లండులోని తోలు కార్ఖానాల్లో లందల దగ్గర పనిచేసిన కూలీలు భీమిలి ఎక్కడుందో ఎరగకపోయినా ఆ పేరును మాత్రం పలుకుతూనే ఉండేవారని ఊహిస్తే తప్పు కాదు. 1933లో విశాఖపట్నం హార్బరు తెరుచుకున్నాక భీమిలి రేవు వెనకబడింది. కరక్కాయ మాత్రం కొండల్లో కాస్తూనే ఉంది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ తేనె, చింతపండు, కుంకుడుకాయలతో పాటు గిరిజనులు ఏరి తెచ్చే కరక్కాయలను కూడా కొనే అటవీ ఫలసాయాల్లో చేర్చింది. ఏరినవారి కాళ్లకు ఆ కాయలతో పదునెక్కిన తోలు తిరిగి చేరిన సందర్భాలు ఎన్ని ఉంటాయన్నది వేరే ప్రశ్న.

మైదానాల లందల్లో ప్రధానంగా వాడింది తంగేడు చెక్క. ఆ బెరడు కషాయంలో ఊరిన తోలు మెత్తగా, వంగే గుణంతో తయారవుతుంది. దానికున్న లోపమల్లా వెలుతురు తగిలితే ఎర్రబారడం. మద్రాసు ప్రెసిడెన్సీ తోళ్లు ఇంగ్లండులో పుస్తకాల అట్టలకు విరివిగా వాడుకలోకి వచ్చాక ఈ లోపం బయటపడింది. నగరాల గాలిలోని గంధకపు ఆమ్లాలు సోకి అట్టలు ఎర్రటి పొడిగా రాలిపోతున్నాయని గ్రంథాలయాలు మొరపెట్టుకోగా, లండన్‌లోని సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ వేసిన సంఘం 1900 తర్వాతి కొద్ది ఏళ్లలో విచారణ జరిపి, తంగేడు జాతి బెరడులతో పదును చేసిన తోళ్లు పుస్తకాలకు పనికిరావని తేల్చింది. టానిన్లలో రెండు కుటుంబాలున్నాయి. తంగేడువి ఒక కుటుంబం, కరక్కాయవి ఇంకొకటి. ఈ రెండో కుటుంబం గాలికీ వెలుతురుకూ బాగా తట్టుకుంటుంది. దక్షిణాది చర్మకారులు ఈ సంగతిని విచారణ సంఘాల కంటే ముందే పనిలో పట్టుకున్నారు. తంగేడులో ఊరిన తోలును చివర కరక్కాయ కషాయంలో ముంచి తీసే పద్ధతి వారిదే. రంగు తేలికపడటానికీ ఎర్రదనం ఆగడానికీ చేసిన ఆ చివరి ముంపు, మైదానపు చెక్కకు కొండ కాయ పట్టిన కాపు.

పంతొమ్మిదో శతాబ్దం చివర క్రోమియం లవణాలతో పదును చేసే పద్ధతి వచ్చి వారాల పనిని రోజుల్లోకి కుదించింది. 1948లో మద్రాసులో కేంద్ర తోలు పరిశోధన సంస్థ వెలసింది. నాటి గుంటూరు జిల్లాలో తెనాలి దగ్గరి యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ చాలాకాలం దానికి సంచాలకుడిగా ఉండి, తోలు విద్యను అంటరానిదిగా చూసిన సమాజంలోనే దాన్ని శాస్త్రంగా నిలబెట్టారు. ఆయన 1985లో కనిష్క విమానంలో జరిగిన బాంబు పేలుడులో మరణించారు. వాడుకరి దృష్టిలో ముఖ్యమైనది ఏమిటంటే, ఇప్పుడు అంగట్లో దొరికే తోలు వస్తువులు రెండు జాతులవి: ఒకటి చెట్ల కషాయంలో ఊరినది, రెండోది క్రోమియంతో ఊరినది. కోసిన అంచును చూస్తే చాలావరకు జాతి తెలుస్తుంది. లోపలి దాకా గోధుమరంగు ఉంటే మొదటిది, అంచు మధ్యలో నీలం కలిసిన బూడిదరంగు కనిపిస్తే రెండోది. సంప్రదాయపు కిర్రు చెప్పులూ మందపాటి బెల్టులూ సాధారణంగా మొదటి జాతివి. బూట్ల పైతోలు, చలికోట్లు రెండోవి. రెండింటికీ ఒకే వైద్యం చేయడం వల్లనే చాలా వస్తువులు చెడిపోతాయి.

అరకు లోయ సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది. కొత్తవలస – కిరండూల్ రైలుమార్గంలోని సిమిలిగూడ స్టేషను ఎత్తు 996 మీటర్లు. నైరుతి రుతుపవనాలు మొదలైన జూన్ నుంచి అక్టోబరు తుపానులు సద్దుమణిగే దాకా ఇక్కడి గాలిలో తేమ రోజుల తరబడి 80 శాతానికి పైనే ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న తోలు తన బరువులో సుమారు 12 నుంచి 18 శాతం నీటిని తనలో దాచుకుని, ఆ నీటి సాయంతోనే వంగుతుంది. గాలిలో తేమ పెరిగితే తానూ తాగుతుంది, తగ్గితే వదులుతుంది. గాలిలో తేమ 70 శాతం దాటి రోజుల తరబడి నిలిస్తే బూజు విత్తనాలు మొలకెత్తుతాయి. కషాయపు తోలులో మిగిలిపోయే చెట్ల చక్కెరలు, అన్ని తోళ్లలోనూ ఉండే కొవ్వులు, తొడుక్కున్నవారి చెమట వాటికి ఆహారం. తడిసిన బూట్లను ప్లాస్టిక్ కవరులో చుట్టి మూటగట్టడం బూజుకు కొట్టు కట్టించి ఇవ్వడమే అవుతుంది. గుడ్డసంచి అయితే గాలి ఆడుతుంది. తడిసిన బూటు లోపల పాత వార్తాపత్రికలు కుక్కి, అవి తడిసినప్పుడల్లా మారుస్తూ, గాలి తగిలే నీడలో రెండు మూడు రోజులు వదిలేయడం కంటే మేలైన విద్య ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు. బురద సంగతికి వస్తే, మన్యపు ఎర్రమట్టి తోలు మీద ఎండేటప్పుడు తోలులోని నూనెనూ తేమనూ తనలోకి లాక్కుంటుంది కనుక, దాన్ని పచ్చిగా ఉండగానే తడిగుడ్డతో తుడవాలి.

తడి తోలుకు మంట చూపించడం కొండల్లో సహజంగా తోచే పని. డిసెంబరు రాత్రుల్లో ప్రతి వాకిట్లోనూ నెగడు ఉంటుంది, దాని పక్కన ఆరబెట్టని వస్తువు ఉండదు. పైగా తోలుకు మంట మంచిదేనన్న నమ్మకాన్ని బలపరిచే దృశ్యం ఒకటి ఈ లోయలోనే కనిపిస్తుంది. థింసా నాట్యానికి వాయించే వాద్యాల్లో మోరి, కిరిడి, తుడుం, జోడుకొమ్ములతో పాటు డప్పు కూడా ఉంటుంది. భుజానికి తగిలించుకుని వాయించే ఆ డప్పును ఆట మొదలయ్యే ముందు మంటకు కాస్తారు. కాయని డప్పు బద్ధకంగా పలుకుతుంది. కానీ డప్పుకు మూసేది పదును చేసిన తోలు కాదు, వెంట్రుకలు తీసి ఆరబెట్టిన పచ్చి చర్మం. దాని నుంచి కావలసింది మెత్తదనం కాదు, బిగువు. వేడికి తేమ ఎగిరిపోయి చర్మం కుంచించుకుంటుంది, చెక్క చట్రం దాన్ని కుంచించుకోనివ్వదు, ఆ పెనుగులాటే నాదం. బూటుకు చట్రం లేదు కనుక అది కుంచించుకునే తీరుతుంది. తడిసిన కొల్లాజెన్ పచ్చి చర్మంలో 60 డిగ్రీల సెల్సియస్ దాటిన కొద్దిసేపటికే ముడుచుకుని జిగురుగా మారడం మొదలుపెడుతుంది. కషాయపు తోలు 70 నుంచి 85 డిగ్రీల దాకా, క్రోమియం తోలు దాదాపు నీరు మరిగే వేడి దాకా తట్టుకుంటుంది. నెగడుకు మూరెడు దూరంలో పెట్టిన బూటు ముక్కు మొదటి హద్దులను తేలిగ్గా దాటేస్తుంది. ఒకసారి ముడుచుకున్న పోగును ఏ నూనే తిరిగి విప్పలేదు. వాద్యకారుడి చేతిలో విద్య అయిన మంట బాటసారి చేతిలో తొందరపాటు కావడంలో వింత లేదు.

నూనెల విషయంలో ఈ కొండలు దాతలు, అయితే దానం పుచ్చుకునేవారికి వివేకం కావాలి. నవంబరు, డిసెంబరు నెలల్లో అరకు లోయను పసుపుపచ్చగా మార్చే వలిసె పూల కోసం యాత్రికులు ఎగబడతారు. ఆ పూలు ఇచ్చే వలిసె నూనె వంటకు మంచిది, తోలుకు మాత్రం కాదు. అందులో సగానికి మించి ఉండే లినోలియిక్ ఆమ్లం గాలి తగిలిన కొద్దీ ప్రాణవాయువుతో కలిసి జిగటగా, తర్వాత గట్టి పొరగా మారుతుంది. క్రోమియం తోలు విషయంలో ఇంకొక చిక్కు కూడా ఉంది: ఇటువంటి నూనెలూ తీవ్రమైన ఎండవేడీ కలిస్తే, నిరపాయంగా ఉన్న క్రోమియంలో కొంత భాగం ఒంటికి పడని షట్సంయోజక క్రోమియంగా మారే అవకాశం ఉంది. శరీరానికి తగిలే తోలులో అది కిలోకు 3 మిల్లీగ్రాములు మించరాదని యూరోపియన్ యూనియన్ 2015 నుంచి హద్దు పెట్టింది కూడా. ఆరిపోని జాతి నూనెలు వేరు. చెప్పులకు ఆముదం రాయడం తెలుగు నాట తరతరాల అలవాటు, తోలు కార్ఖానాల్లోనూ గంధకామ్లంతో చర్య జరిపిన ఆముదాన్ని తోలు మెత్తదనానికి వాడతారు. కానుగ నూనె వాసనను భరించగలిగితే అది తోలును మెత్తబరచడంతో పాటు పురుగును కూడా దూరంగా ఉంచుతుంది. చలికి పేరుకునే ఇప్ప నూనెదీ ఆరిపోని జాతే. ఏదైనా సరే, చేతికి అంటిందా లేదా అన్నంత పలుచగా, తోలు దాదాపు ఆరిన తర్వాత, కొద్దిపాటి తేమ మిగిలి ఉండగా రాసినప్పుడే లోపలికి దిగుతుంది. కొండతేనె పిండగా మిగిలే మైనం ఒక వంతు, నూనె రెండు మూడు వంతులు వేడినీటి గిన్నెలో కరిగించి చల్లార్చిన ముద్ద బూట్ల కుట్లకు రక్ష. బాగా నూనె పట్టించడమే శ్రద్ధ అనుకునేవారు తోలును పొంగనిచ్చి, పోగులను వదులు చేసి, బూటు ఆకారాన్నే పోగొట్టుకుంటారు.

తోలు మీద తెల్లగా ఏది కనిపించినా బూజే అనుకోవడం ఇంకొక సాధారణ పొరపాటు. అరకు చలిలో ఆ తెలుపు మూడు విధాలుగా రావచ్చు. మెత్తగా, నూగుగా, ముక్కిన వాసనతో ఉన్నది బూజు. దాన్ని ఆరుబయట పొడి బ్రష్షుతో దులిపి, సగానికి సగం నీళ్లు కలిపిన స్పిరిట్ తడి చేసిన గుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. ఇంట్లో దులిపితే దాని విత్తనాలు పక్క వస్తువుల మీద వాలుతాయి. వాసన లేకుండా మంచు పట్టినట్లు కనిపించేది, తోలులోని కొవ్వు చలికి పైకి తేలి గడ్డకట్టిన పొర. కొబ్బరినూనె 24 డిగ్రీల లోపే పేరుకుంటుంది కనుక, విశాఖలో కొబ్బరినూనె రాసిన బూట్లు అరకులో తెల్లబారడం చూసి కంగారుపడనక్కర్లేదు. అరచేతి వేడికి కరిగితే అది కొవ్వే. మూడోది గరుకుగా తగిలే ఉప్పు. అది చెమట నుంచి వస్తుంది, తడిగుడ్డకు లొంగుతుంది.

ఇనుముతో కషాయపు తోలుకు పడదు. టానిన్లు, ఇనుము, తడి కలిస్తే పుట్టేది సిరా వంటి నలుపు. కలంకారీ పనివారు కరక్కాయ పట్టించిన గుడ్డ మీద బెల్లంలో ఊరిన ఇనుప నీటితో, శ్రీకాళహస్తిలో గీసీ పెడనలో అచ్చువేసీ, నల్లటి గీతను రాబట్టేది ఈ చర్యతోనే. గుడ్డ మీద కళ అయినది బెల్టు మీద మరక. తుప్పు పట్టిన బకిల్ పక్కన నల్లబారిన చోట నిమ్మరసం రెండు చుక్కలు అద్ది వెంటనే తుడిస్తే మరక చాలావరకు తగ్గుతుంది. బట్టల సబ్బు మాత్రం ఏ జాతి తోలుకూ పనికిరాదు, ఎందుకంటే తోలు కొద్దిగా పులుపు స్వభావం కలది, సబ్బు క్షారం. గిరిజనులు ఏరి తెచ్చే కుంకుడుకాయల పలుచని రసం అంతకంటే సౌమ్యం. శీతాకాలం లంబసింగికీ వంజంగి మేఘాల కొండకూ మోటారుసైకిళ్ల మీద వెళ్లే యువకుల చలికోట్లకు వర్తించే విశేషం ఒక్కటే. తడిసిన కోటును సన్నటి మేకుకు వేలాడదీస్తే ఆ బరువుకు మెడ దగ్గర బొడిపె కడుతుంది, వెడల్పాటి హేంగరు కావాలి.

ఇంత చెప్పుకున్నా, కుట్టు ఊడినప్పుడూ అట్ట లేచినప్పుడూ ఇంటివారి శ్రద్ధ చాలదు. ఆరె పట్టిన చెయ్యి కావాలి. ఆరె అంటే తోలుకు బెజ్జం పొడిచే మొనదేలిన పనిముట్టు, రంపె అంటే తోలును కోసి చెక్కే కత్తి. ఈ రెండింటితో తెలుగు పల్లెలకు చెప్పులూ మోట బొక్కెనలకు తొండాలూ కుట్టిచ్చిన కులాలను ఊరి వెలుపల ఉంచిన సమాజమే ఇవాళ తోలు వస్తువుకు పాలిష్ ఎలా పెట్టాలని శ్రద్ధగా చదువుతోంది. వస్తువు మీద ఉన్న గౌరవం దాన్ని చేసినవారి మీద లేకపోవడం వల్ల ఆ విద్యలో చాలా భాగం వారసులు లేక ఆగిపోతోంది, ఆ ఆగిపోవడానికి వారసులను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. రోడ్డు పక్క గొడుగు కింద కూర్చుని కుట్టేవారి కూలి దగ్గర బేరమాడే అలవాటు మానడం కూడా తోలు సంరక్షణలో భాగంగానే లెక్కపెట్టాలి.

చివరగా ఒక తీర్పు, తోలు మీద మక్కువ ఉన్నవారికి రుచించకపోవచ్చు. వానాకాలపు మన్యంలో తోలు తొడగడం తోలుకూ కాలికీ మంచిది కాదు. వాగులు దాటుతూ కాఫీ తోటల్లో తిరిగే గిరిజనులు రబ్బరు చెప్పులనూ ప్లాస్టిక్ చెప్పులనూ ఎంచుకోవడం పేదరికం వల్లనే కాదు, వాటికి బూజు పట్టదు, అవి గంటలో ఆరతాయి. జూన్ నుంచి అక్టోబరు దాకా అరకు వెళ్లేవారు తోలు బూట్లను ఇంటి దగ్గరే, గుడ్డసంచిలో, గాలి ఆడే అరలో ఉంచి వెళ్లాలి. నవంబరు మొదలుకొని వెళ్లేవారు వాటిని తొడుక్కుని వెళ్లవచ్చు. బస చేరాక నెగడు దగ్గర తాము కూర్చుని, బూట్లను మాత్రం దూరంగా పెట్టాలి.